వంత పాడే పెట్టె

సిరిసిల్ల నుంచి కోరుట్ల పోయే బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు కూర్చున్నారు, వాళ్ల కాళ్ల మధ్య ఒక డోలు. డోలుకు టికెట్ కొట్టాలా వద్దా అని కండక్టరు కాసేపు తటపటాయించి వదిలేశాడు. పెద్దాయన పొద్దంతా సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు. బీరప్ప పట్నాల పూజలకూ, జాతరలకూ ఒగ్గు కథ మేళంలో డోలు కొడతాడు. చిన్నవాడు ఆయన మేనల్లుడు. నాచుపల్లి జేఎన్‌టీయూలో చదివి, హైదరాబాద్‌లో కొలువు చేస్తూ, రాత్రిళ్లు సంగీతానికి ప్రోగ్రాములు రాస్తుంటాడు. ముందురోజు రాత్రి మేళం కూడినచోట ఏదో చెడింది. ఆ ముచ్చట వేములవాడ దాటేదాకా ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తాక కోరుట్ల దాకా దించలేదు. చెవిన పడినంత మటుకు వాళ్ల యాసలోనే రాసుకున్నాను.

మామ: నిన్న రాత్రి నీ పెట్టె ఏం జేసిందో నీకు ఎరుకేనా?

అల్లుడు: ఎరుకే మామ. నువ్వు ఆపినవు, అది ఆపలే.

మామ: నేను ఆపలేదురా. కథ చెప్పేటాయన గొంతు దించి ఏడుపు అందుకున్నడు. నేను కట్టె ఎత్తి, వేళ్లతోని తోలు మీద మెల్లగ రాస్తున్న. గప్పుడు నీ పెట్టె దన్‌ దన్‌ దన్‌ అని కొట్టుకుంటనే పోయింది, పీనుగు లేసిన ఇంటి ముంగట పెండ్లి బ్యాండు లెక్క.

అల్లుడు: అది నీ దెబ్బలు విని నడక పట్టుకుంటది. వేళ్లతోని రాసుడు దానికి దెబ్బ లెక్క కనవడలే. దెబ్బ వినవడకపోతే పాత నడకనే నడిపియ్యమని నేనే రాసిన.

మామ: గట్లెందుకు రాసినవు?

అల్లుడు: ఒక్క దెబ్బ తప్పితే మొత్తం ఆగిపోవద్దని.

మామ: గదే నేననేది. తప్పినదానికీ ఆపినదానికీ తేడా తెల్వనోన్ని మేళంల నిలవెట్టుకోము.

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. లాప్‌టాప్ సంచి ఒళ్లోంచి తీసి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాటతో, మనిషితో కలిసి వాయించే ప్రోగ్రాముల నలభై ఏళ్ల చిక్కంతా మామ చెప్పేశాడని నాకనిపించింది. కానీ ఆ సంగతి ఆయనకు తెలియదు, తెలిసినా లెక్కచేసే మనిషి కాడు.

మామ: అసలు పెట్టె ఎందుకురా? శ్రుతిపెట్టెలున్నయి, తాళం పెట్టెలున్నయి. భజనలల్ల సూస్తనే ఉన్నం.

అల్లుడు: అవి వేరు. బెంగుళూరుల రాజ్‌నారాయణ్ అని ఒక ఇంజనీరు, వేణువు వాయిస్తడు, 1979ల ఎలక్ట్రానిక్ తంబుర తయారుజేసిండు. ఎన్క తబలా పెట్టెలు గూడ వచ్చినయి. అవి వాయిస్తయి గానీ వినయి. నువ్వు సచ్చినా బతికినా వాటి తాళం వాటిదే. నేను జేసేది వినే పెట్టె.

మామ: వింటదంటవు. మల్ల నిన్న మొదట్ల నా ఎన్కాల కాలీడ్సుకుంట వచ్చిందేంది?

అల్లుడు: అది నా తప్పు. బ్లూటూత్ స్పీకరు పెట్టిన. దాంట్ల సప్పుడు వచ్చేసరికి సెకనుల పదో వంతు కంటె ఎక్కువనే ఆలిస్యమైతది. తర్వాత తీగ పెట్టినంక మంచిగనే ఉండె గదా.

మామ: ఆలిస్యమైతే కాకపాయె. ఒక్క తీరుగ ఆలిస్యమైతే మేమే సర్దుకుంటం. మా మేళంల ఒకాయన కల్లు తాగితే ప్రతి దెబ్బ ఇంత ఎన్కకు వస్తది. ఆయనతోని కష్టం లేదు, మేమే అంత ఎన్కకు జరుగుతం. ఇంకొకాయన తాగకున్నా ఒక పారి ముందట, ఒక పారి ఎన్కాల. వానితోనే సావు.

అల్లుడు: మామ, ఈ మాట మీద 2002ల అమెరికాల పేపరే రాసిండ్రు. డేవిడ్ వెసెల్, మాథ్యూ రైట్ అని ఇద్దరు. చెయ్యి కదిలినంక పది మిల్లీసెకన్లల్ల సప్పుడు రావాలె, అంటే సెకనుల నూరో వంతు. ఆ ఆలిస్యం ఒక పారికీ ఇంకో పారికీ ఒక్క మిల్లీసెకను కంటె ఎక్కువ మారొద్దు. ముందటిది ఆలిస్యం, ఎన్కటిది నిలకడ. వాళ్లు గూడ నిలకడనే గట్టిగ అడిగిండ్రు.

మామ: సెకనుల నూరో వంతా! మేళంల ఇరవై మందిమి నిలవడితే ఈ కొస నుంచి ఆ కొసకు సప్పుడు వోవుటానికే అంత పట్టదా?

అల్లుడు: పడుతది. పది మిల్లీసెకన్లల్ల సప్పుడు పదకొండు అడుగులు పోతది. నీకు పదకొండు అడుగుల దూరంల ఉన్నోడు నీకు అప్పటికే అంత లేటు.

మామ: అందుకే మేము చెవులతోని కొట్టం. కట్టె లేసుడు సూసి కొడుతం. నీ పెట్టెకు కండ్లున్నయా?

కళ్లు లేవు. దానికున్నది పీజో బిళ్ల ఒక్కటే. పాటలు పాడే పుట్టినరోజు కార్డుల్లో, చిన్న బజర్లలో ఉండే లోహపు బిళ్లలాంటిదే. దాన్ని డోలు చెక్క మీద అంటిస్తే చెక్క అదురు కరెంటుగా మారుతుంది. ఎదురుగా మైకు పెడితే తాళాలు, ఈలలు, జనరేటరు అన్నీ కలిసిపోతాయి. బిళ్లకు ఆ ఒక్క డోలే వినిపిస్తుంది. ఈ వివరం అల్లుడు చెప్పిందే. చెప్పడానికి అతనికి రుద్రంగి దాకా పట్టింది, మామ మధ్యమధ్య కిటికీలోంచి ఎవరినో పలకరిస్తున్నాడు మరి. అందుకే నేను కుదించాను.

మామ: సరే, వింటది, జల్ది కొడుతది. గంత జల్ది ఎట్ల జేస్తది?

అల్లుడు: జల్ది చేసుడు కష్టం గాదు మామ. లేటు గాకుండ చేసుడు కష్టం. సప్పుడును సెకనుకు 44,100 ముక్కలు జేస్తం. నేను వాడేది ప్యూర్ డేటా అని, మిల్లర్ పకెట్ అనే ఆయన 1996ల రాసి ఊరికే ఇచ్చిండు. అది ముక్కలను 64 చొప్పున కట్టలు కడుతది. అంటే సెకనుకు 689 కట్టలు. ఒక్కొక్క కట్టకు మిల్లీసెకనున్నర కూడ దొరకదు. అంతల నీ దెబ్బ ఇనాలె, ఏం కొట్టాల్నో చూడాలె, కొత్త ముక్కలు తయారుజేసి ఇచ్చెయ్యాలె. ఒక్క కట్ట లేటైనా స్పీకరుల టప్పుమంటది. వెయ్యి కట్టలు టైముకిచ్చి ఒక్కటి తప్పినా ఇనేటోనికి ఆ ఒక్కటే ఇనవడుతది.

మామ: నూలు తెగినట్టు.

అల్లుడు: నూలు తెగితే నీ సాంచె ఆగుతది. పేక తెగంగనే దానికదే ఆగేటట్టు చేసిండ్రు. నువ్వు పోయి ముడేసి మల్ల నడిపిస్తవు. నాకు ఆపుడు లేదు. పాట మధ్యల ఆపి ముడేస్తనంటే ఎవడూరుకుంటడు?

మామ: మరి ఎట్ల జేస్తవు?

అల్లుడు: మా అత్తమ్మ చేసినట్టే. ఆమె కండెలు ఎప్పుడు చుడుతది?

మామ: ముందుగాలనే. నాడెల కండె అయిపోయినంక చుడుతనంటే సాంచె పండుకుంటది గదా.

అల్లుడు: మా దాంట్ల మొదటి నీతి అదే. సప్పుడు తయారుచేసే పని నడుస్తుండంగ కంప్యూటరును కొత్తగ మెమొరీ అడుగొద్దు, ఫైలు తెరువొద్దు, ఇంకొకని పని అయ్యేదాంక చూస్త అనొద్దు. కావలసినయన్నీ ముందుగాలనే చుట్టి పెట్టుకోవాలె. తెర మీద బొమ్మలు గీసేది ఒక పని, సప్పుడు జేసేది ఒక పని. రెండిటి నడుమ కండెల గంప అసుంటిది ఒకటి పెడుతం. అత్తమ్మ చుట్టి గంపల ఏస్తది, నువ్వు గంపల నుంచి తీసుకుంటవు. గంప నిండితే ఆమె ఆగుతది. గంపల లేకపోతే…

మామ: నేను ఆగుత.

అల్లుడు: నువ్వు ఆగవు. లేదని తెలుసుకొని, పాత దాంతోనే ముందుకు పోతవు. సప్పుడు జేసేటోడు ఎవ్వని కోసం ఆగొద్దు. రెండు పనులు ఒకే కత్తెర కోసం కొట్లాడుకున్నా ఆడనే ఖతం.

మామ: మా దాంట్ల సేటు కోసం ఆగుతం, బీము కోసం ఆగుతం, నూలు కోసం ఆగుతం, పైసల కోసం ఆగుతం. నీ ప్రోగ్రాం నయమే.

అల్లుడు: ఇది గూడ మొదట్ల గిట్ల లేకుండె. 1957ల అమెరికాల బెల్ ల్యాబ్స్‌ల మ్యాక్స్ మాథ్యూస్ అనే ఆయన సప్పుడు పుట్టిచ్చే ప్రోగ్రాం రాసి ఐబీఎం 704 మిషను మీద నడిపిచ్చిండు. పదిహేడు సెకన్ల పాట. అది ఇనాలంటే ముందుగాల లెక్కలన్ని టేపుకెక్కాలె, తర్వాత ఆ టేపును సప్పుడుగ మార్చుకోవాలె. కొట్టినోడు కొట్టినప్పుడే ఇనే లెక్క లేదు. మనిషి చెయ్యి కదిలిస్తుంటే అప్పటికప్పుడే సప్పుడు మారేటి ఏర్పాటు, గ్రూవ్ అని, ఆయననే 1970ల బయటవెట్టిండు. ఎన్క పకెట్ ప్యారిస్‌ల రాసిన ప్రోగ్రాముకు ఆయన పేరే పెట్టిండు, మ్యాక్స్ అని.

మామ: పెద్దాయన పేరు పెట్టుకుండు మంచిదే. కాని బిడ్డా, లేటు గాకుండ ఒచ్చినంత మాత్రాన వంతగాడు అయితడా? నిన్న అది లేటు గాలేదు. టైముకే కొట్టింది. టైముకే తప్పు కొట్టింది.

అల్లుడు: దానికీ తోవలున్నయి. 1984ల రోజర్ డానెన్‌బర్గ్ ఒక దిక్కు, బ్యారీ వెర్కో ఒక దిక్కు, మనిషి వాయిస్తుంటే కాయితం మీది స్వరాలల్ల ఎక్కడున్నడో వెతుక్కుంట ఎంబడి నడిచే ప్రోగ్రాములు చూపిచ్చిండ్రు. మనిషి మెల్లగైతే మెల్లగ, జల్దైతే జల్ది.

మామ: మా కథకు కాయితం ఉన్నదా?

అల్లుడు: లేదు.

మామ: ఎల్లమ్మ కథ ఈ ఊళ్లె రాత్రంత నడుస్తది, ఆ ఊళ్లె మూడు గంటలల్ల ముడుస్తది. పొద్దుగూకిన చోట ఒక తీరు, కోడి కూసే యాళ్లకు ఒక తీరు. ముసలమ్మలు ఏడుస్తుంటే ఆడనే ఇంకింత సాగదీస్తం. హన్మాజీపేట మిద్దె రాములు కథ చెప్తుంటే నేను చిన్నగున్నప్పుడు చూసిన. డోలు కొట్టేటోడు ఆయన మొకం దిక్కు సూడకుండ ఒక్క దెబ్బ కొట్టేటోడు కాదు. కాయితం యాడిది?

అల్లుడు: అందుకే నేను ఆ తోవ వదిలేసిన. ఇంకో తోవున్నది. జార్జ్ లూయిస్ అని చికాగోల పుట్టిన నల్లజాతి ఆయన, ట్రోంబోన్ అనే బూర వాయిస్తడు. 1987ల వాయేజర్ అని ఒక ప్రోగ్రాం చేసిండు. అది ఆయన వాయించుడు వింటది, కాని ఎంబడి నడవదు. మనసైతే కలుస్తది, లేకపోతే అడ్డం తిరుగుతది, తన పాట తను ఎత్తుకుంటది. ఆయన ఊకుంటే తనే వాయిస్తది.

మామ: (నవ్వి) వాడు మావోడేరా! వంతగాడంటే అట్లనే ఉండాలె. కథకుడు రాజు గొప్పలు చెప్తుంటే “రాజు ఇంట్ల ఉప్పు లేదట గదనే” అని వంతగాడు ఎకసెక్కమాడుతడు. హా హా అనుకుంట తలకాయ ఊపేటోడు వంతగాడు గాదు.

అల్లుడు: మరి నిన్న నా పెట్టె అడ్డం తిరిగితే తిట్టినవు.

మామ: అడ్డం తిరిగితే తిట్టలే. ఏడుపు కాడ తిరిగిందని తిట్టిన. ఎకసెక్కానికి గూడ యాళ్లుంటది.

ఇక్కడ అల్లుడు ఓడిపోయాడని అనుకున్నాను. మొండివాడు, ఇంకో ముచ్చట తీశాడు. నాకైతే ఈ ప్రయాణంలో అన్నిటికంటే పనికొచ్చిన ముచ్చట అదే.

అల్లుడు: లక్నోల సంగతి చెప్త విను. ఉస్తాద్ అఫాఖ్ హుసేన్ ఖాన్ అని పెద్ద తబలా ఆయన. జేమ్స్ కిప్పెన్ అనే తెల్లాయన ఆయన దగ్గర నేర్చుకునేటోడు. 1980 తర్వాతి సంగతి ఇది. బెర్నార్డ్ బెల్ అని ఇంకొకాయన మొదట కిప్పెన్ కోసం తబలా బోల్స్ జల్ది టైపు చేసే చిన్న ప్రోగ్రాం రాసిండు. ఒక్క మీట కొడితే ధా, ఇంకో మీటకు తిరకిట. తర్వాత ఇద్దరికీ ఆలోచన వచ్చింది. కాయిదా అని ఉంటది తబలాల. ఒక మూల ముక్క ఇస్తరు, దాన్ని మలిచి మలిచి కొట్టాలె, కాని హద్దు దాటొద్దు. ఆ హద్దులేందో ఎవరూ రాసి పెట్టలే. ఈళ్లు కొన్ని నియమాలు అందాజగ రాసి కంప్యూటరుకు ఇచ్చిండ్రు. కంప్యూటరు ఆ నియమాలతోని కొత్త ముక్కలు పుట్టిస్తది, ఉస్తాదు ఇంటడు. సరైందంటే సరే. కాదంటే నియమం మార్చుడు, మల్ల పుట్టిచ్చుడు. తిప్పి గూడ నడిచేది. ఉస్తాదు కొట్టిన ముక్క ఇస్తే, మన నియమాల ప్రకారం ఇది పుట్టుతదా లేదా అని చెప్పేది. మోసుకపోయే చిన్న ఆపిల్ మిషను మీద, ఆయన ఎదురుంగనే. దాని పేరు బోల్ ప్రాసెసర్.

మామ: కాదన్నప్పుడు ఎందుకు కాదో చెప్పేటోడా ఉస్తాదు?

అల్లుడు: చెయ్యికి తెలిసినంత నోటికి తెల్వది గదా మామ. నీకు నేర్పినాయన చెప్పిండా?

మామ: యాడ చెప్పిండు. తప్పు కొడితే కట్టెతోని మణికట్టు మీద ఒక్కటిచ్చేది. ఎందుకు తప్పో పదేండ్లకు ఎరుకైంది.

అల్లుడు: ఆ దెబ్బలు అక్కడ కంప్యూటరు తిన్నది.

మామ: (చాలాసేపు ఊరుకుని) అంటే మిషను శిష్యుడైందన్నట్టు.

అల్లుడు: శిష్యుడే. తప్పు చేసి తిట్లు తినుడు దాని పని. నిన్న అది ఏడుపు కాడ కొట్టకపోతే, కట్టె ఎత్తి వేళ్లతోని రాసుడు ఆపుడు గాదు, అదీ ఒక దెబ్బే అని నువ్వు నాకు చెప్పేటోనివా? ఇన్నేండ్లు నీ పక్కన కూసున్న, ఎప్పుడన్న చెప్పినవా?

మామ: నువ్వు ఎప్పుడన్న అడిగినవా?

అల్లుడు: అడగనీకి తెల్వాలె గదా.

మామ జవాబివ్వలేదు. డోలు తోలు మీద చెయ్యి వేసి రాశాడు. బస్సు హోరులో కూడా ఆ చప్పుడు విన్నాను. నిజమే, అది ఆపడం కాదు.

మామ: సరే, ఒకటడుగుత. ఆ ఉస్తాదు నోట్లెకెల్లి తీసిన నియమాలు ఎవలియి?

అల్లుడు: పుస్తకాలల్ల రాసిండ్రు, ఆయన పేరు పెట్టిండ్రు.

మామ: పేరు సంగతి గాదు. మా మేళం రికార్డులు నీ లాప్‌టాప్‌ల ఎన్ని రాత్రులయి ఉన్నయి?

అల్లుడు: పదకొండు.

మామ: రేపు నీ కొలువోళ్లు అవి ఇయ్యుమంటే? ఇగో ఒగ్గు డోలు, ఒక్క మీట కొడితే వస్తదని ఫోన్ల పెట్టి అమ్ముతే? కోరుట్లల పట్నమేసేటోడు మాకు బదులు ఆ ఫోను పెట్టుకుంటే?

అల్లుడు: నేనియ్య.

మామ: నువ్వియ్యవు. మా తాత గొంగడి నేసేటోడు. గుంట మగ్గం, మా గొర్ల ఉన్ని. మిల్లు రగ్గు వచ్చినంక గొంగడి ఎవ్వడు కొంటలేడు. మిల్లోడేమన్న మా తాత ఇంటికొచ్చి అడిగిపోయిండా? నేను సాంచెల మీద పడ్డ.

అల్లుడు: ఆ సాంచెనే చేతి మగ్గాన్ని తిన్నది మామ. నువ్వు దాని మీదనే బతుకుతున్నవు.

మామ: అందుకే నాకు ఎరుక అంటున్న.

కథలాపూర్ దాకా ఇద్దరూ మాట్లాడలేదు. ఈ వాదంలో మామదే న్యాయమని నాకనిపించింది, కానీ దానికి మందు ఆయన దగ్గరా లేదు. రికార్డులు చెరిపెయ్యమని ఆయన అడగలేదు. అల్లుడు చెరిపేస్తానని అనలేదు. నిశ్శబ్దాన్ని చెడగొట్టింది అల్లుడే. దారి మళ్లించడానికే ఎత్తాడనుకుంటా, ఎత్తింది మాత్రం మగ్గం ముచ్చటే.

అల్లుడు: ఇంగ్లండుల అలెక్స్ మెక్లీన్ అని ఉన్నడు. జనం ముంగట కూసుండి ప్రోగ్రాం రాస్తుంటడు, రాస్తుంటెనే పాట మారుతుంటది. తెర మీద రాతంత అందరికీ కనవడుతది. దానికి టైడల్ అని భాష చేసిండు. ఒక చిన్న ముక్క రాసి, నాలుగో పారి తిప్పెయ్యుమను, రెండింతలు జల్ది చెయ్యుమను, అట్ల మలుస్తడు. ఆయన నేతోళ్ల తోని కలిసి పనిచేసిండు. పడుగు పేకల లెక్క, పాట లెక్క ఒకటే అంటడు.

మామ: జకార్డు అట్టల లెక్కనా?

అల్లుడు: జకార్డు అట్టలకెల్లే కంప్యూటరు అట్టల ఆలోచన వచ్చింది మామ, దగ్గరదగ్గర రెండు వందల ఏండ్ల కిందట.

మామ: అట్టల పువ్వు ఉంటదిరా. పడుగు బిగువు అట్టల ఉండది. బిగువు సూసుడు చెయ్యి పని. తెర మీద రాసినా, అట్ట మీద పొడిచినా, బిగువు ఎవడు సూస్తడు?

అల్లుడు: నువ్వు సూడు. ఏం గావాల్నో చెప్పు, చేస్త.

మామ: చెప్త. పేక తెగితే సాంచె ఆగుతది అన్నవు గదా. నాకు అసుంటిది గావాలె. నా చెయ్యి ఇస్తున్నంత సేపే అది కొట్టాలె. నేను ఇడిస్తే అది ఊకోవాలె. నేను ఆపుమంటే ఆగుడు గాదు. నేను నడువుమనకపోతే ఆగాలె. రెండిటికీ ఫరక్ ఉన్నది.

ఫరక్ ఎంత పెద్దదంటే, అల్లుడు వెంటనే ఫోన్ తీసి రాసుకున్నాడు. నిన్నటి ప్రోగ్రాములో దెబ్బ వినపడకపోతే నడిపించడం నియమం. మామ అడిగింది దానికి తలకిందులు.

అల్లుడు: కాలికింద పెడల్ పెడుత. తొక్కి పట్టుకుంటే నడుస్తది. కాలు తీస్తే సప్పుడు మెల్లగ తగ్గి ఆగుతది. టప్పున ఆపితే స్పీకరుల కటుక్కుమంటది, అందుకని ఇరవై మిల్లీసెకన్లల్ల దించుతం.

మామ: గదీ. మంచిగున్నది.

బస్సు కోరుట్ల బస్టాండులోకి తిరిగింది. మామ లేచి డోలు భుజానికి తగిలించుకున్నాడు. రెండడుగులు వేసి, సీట్ల మధ్య ఆగిపోయాడు. వెనక జనం తోస్తున్నారు.

మామ: ఏంరా, మేము నిలవడి, తిరుక్కుంట, ఎగురుకుంట కొడుతం గదా. నా కాలు ఒక్క కాడ ఎప్పుడుంటది?

అల్లుడు: (డోలు వైపు చూసి) కట్టెల పెడితే? కట్టె ఎత్తినవా దించినవా చెప్పే చిన్న బిళ్ల వస్తది. నువ్వు కట్టె ఎత్తి పట్టుకుంటే అది ఊకుంటది. నువ్వు నిన్న చేసింది గదే గదా.

మామ: కట్టె బరువైతది.

అల్లుడు: ఎంత బరువు, ఒక కండె అంత గూడ ఉండది.

కండక్టరు “దిగుండ్రి, దిగుండ్రి” అంటున్నాడు. మామ మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగాడు.

మామ: ఖాళీ కండెనా, నిండు కండెనా?